ముప్పై లక్షల ఏళ్ళు లేటుగా ఇంటికి

మాంచెస్టర్‌లో ఆక్స్‌ఫర్డ్ రోడ్ స్టేషన్ చూస్తే నాకు మా అమ్మమ్మ వాళ్ళింట్లో చేటలు గుర్తొస్తాయి. పైకప్పంతా చెక్క. పెద్ద పెద్ద చేటలు బోర్లించి పక్కపక్కనే పెట్టినట్టుంటుంది. 2024 అక్టోబర్‌లో ఒక శనివారం, ఆ చేటల కింద నిలబడి, వాన తగ్గుతుందేమోనని చూస్తూ, ఒక పెద్దాయన కోసం ఎదురుచూస్తున్నాను. మేమిద్దరం కలిసి ఒక టీవీ స్టూడియో చూడ్డానికి వెళ్ళాలి. ఆ స్టూడియోని కూల్చేసి అప్పటికి పన్నెండేళ్ళయింది.

లేని స్టూడియోని చూడ్డమేంటి అంటారా? చెప్తాను.

నాది కాకినాడ. కంపెనీ నన్ను ఆన్‌సైట్ అని ఇక్కడికి పంపింది. పెద్దాయన మా క్లయింట్ ఆఫీసులో టెస్టింగ్ లీడ్. ఆఫీసులో అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను. కానీ మా నాన్న కంటే నాలుగైదేళ్ళే చిన్నాయన కదా, మనసులో మాత్రం పెద్దాయన అనే అనుకుంటాను.

2023లో ఒక రాత్రి మా రిలీజ్ ఘోరంగా ఫెయిలైంది. తెల్లవారుజామున మూడింటికి అంతా వెనక్కి తిప్పేసి పాత వెర్షన్ పెడుతున్నాం. కాల్‌లో ఎవరూ మాట్లాడటంలేదు. అప్పుడు పెద్దాయన నెమ్మదిగా ఒక్క మాటన్నారు: "స్మెగ్." బ్రిటన్ వాళ్ళు నలుగురూ పగలబడి నవ్వారు. నాకేమీ అర్థం కాలేదు. మర్నాడు అడిగితే, "అది నోటితో చెప్తే అర్థం కాదు. మొదటి సీజన్ నుంచి చూసుకుంటూ రా" అన్నారు.

అలా పరిచయమైంది నాకు రెడ్ డ్వార్ఫ్.

చికెన్ సూప్ మెషిన్ కథ

1988 ఫిబ్రవరి 15న బీబీసీ టూలో మొదలైన కామెడీ సీరియల్ ఇది. రాసింది రాబ్ గ్రాంట్, డగ్ నేలర్. కథ సింపుల్. రెడ్ డ్వార్ఫ్ అనేది అంతరిక్షంలో తిరిగే ఒక పెద్ద గనుల ఓడ. అందులో అందరికంటే కింది ఉద్యోగి డేవ్ లిస్టర్, లివర్‌పూల్ కుర్రాడు. చికెన్ సూప్ మెషిన్ల గొట్టాలు బాగుచేయడం లాంటివి అతని డ్యూటీ. మన భాషలో చెప్పాలంటే ఎల్‌-1 సపోర్ట్. దొంగతనంగా ఒక పిల్లిని పెంచుకుంటూ దొరికిపోతాడు. పిల్లిని ఇవ్వనంటాడు. శిక్షగా, కాలం కదలని గదిలో పెట్టి తాళం వేస్తారు. ఈలోపు ఓడలో రేడియేషన్ లీకై అందరూ చచ్చిపోతారు. ఓడ కంప్యూటర్ హాలీ అతన్ని బయటికి తీసేసరికి గడిచిన కాలం ముప్పై లక్షల ఏళ్ళు.

మనుషుల్లో మిగిలింది లిస్టర్ ఒక్కడే. అతనికి పిచ్చెక్కకుండా తోడు కావాలి కదా, అందుకని హాలీ చనిపోయినవాళ్ళలో ఒకణ్ణి హోలోగ్రామ్‌గా తిరిగి తెస్తుంది. తెచ్చిందెవర్నయ్యా అంటే, లిస్టర్‌కి అస్సలు పడని రూమ్మేట్ రిమ్మర్‌ని! నుదుటి మీద హెచ్ అనే అక్షరం పెట్టుకుని, బతికున్నప్పుడు ఎంత విసిగించాడో చచ్చాకా అంతే విసిగిస్తాడు. ఇక నాలుగోవాడు, ఆ పిల్లి సంతతి ముప్పై లక్షల ఏళ్ళలో మనిషి రూపానికొస్తే పుట్టిన షోకిలారాయుడు. తర్వాత క్రైటన్ అనే రోబో కలుస్తాడు. వీళ్ళందరూ భూమికి తిరిగెళ్ళాలి. అంతే కథ.

స్పేస్‌షిప్ ఉందని భయపడకండి. ఇది సైన్స్ పాఠం కాదు. నలుగురు బ్యాచిలర్లు ఒక రూములో ఇరుక్కుని, అద్దె కట్టాల్సిన ఓనర్ కూడా లేకుండా కొట్టుకుంటూ ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అమీర్‌పేట హాస్టల్లో ఉన్నవాళ్ళకి వెంటనే ఎక్కుతుంది.

స్టూడియో A ఎక్కడ?

స్టేషన్ దిగి రోడ్డు మీదకొచ్చి కుడివైపు తిరిగి కొంచెం నడిస్తే ఎడమ పక్కన ఒకప్పుడు బీబీసీ వాళ్ళ న్యూ బ్రాడ్‌కాస్టింగ్ హౌస్ ఉండేది. రెడ్ డ్వార్ఫ్ మొదటి మూడు సీజన్లు రికార్డ్ చేసింది అక్కడే. 2011లో బీబీసీ సాల్ఫర్డ్‌లోని మీడియా సిటీకి మారిపోయింది. 2012లో బిల్డింగ్ కూల్చేశారు. ఇప్పుడక్కడ సర్కిల్ స్క్వేర్ అని అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, మధ్యలో సింఫనీ పార్క్ అని చిన్న పచ్చిక ఉన్నాయి. గచ్చిబౌలిలో ఏ టెక్ పార్క్ మధ్యలో నిలబడినా ఇలాగే ఉంటుంది. కాఫీ కప్పులు, లాప్‌టాప్ బ్యాగులు, హెడ్‌ఫోన్లు.

పెద్దాయన గొడుగు నా చేతికిచ్చి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవడం మొదలెట్టారు. ఒకచోట ఆగి, "క్యూ ఇక్కడిదాకా ఉండేది" అన్నారు. అప్పుడాయన ఇదే ఊళ్ళో స్టూడెంట్. బీబీసీ టికెట్లు ఫ్రీ. ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, వాళ్ళ నవ్వులతోనే రికార్డ్ చేసేవాళ్ళు. తమ్ముడికి పదిహేనేళ్ళు. వాణ్ణి ఊరి నుంచి రైల్లో రప్పించి ఇద్దరూ ఆ క్యూలో నిలబడ్డారట.

"మా నవ్వు ఆ ఎపిసోడ్‌లో ఉంది. ఒకచోట అందరూ ఆపేశాక ఒక్కడు ఇంకా నవ్వుతుంటాడు. అది మా తమ్ముడే" అన్నారు. నిజమో కాదో నాకు తెలీదు. ఆయన మాత్రం ఖచ్చితంగా నమ్ముతున్నారు.

అసలు ఈ సీరియల్ పుట్టుకే ఆలస్యం. ముందు రేడియోలో డేవ్ హాలిన్స్ అనే పేరుతో చిన్న చిన్న స్కెచ్‌లుగా ఉండేది. టీవీకి తెస్తే వద్దన్నారు. చివరికి మాంచెస్టర్ వాళ్ళు ఒప్పుకుని, 1987లో రిహార్సల్స్ కూడా చేశాక, బీబీసీ ఎలక్ట్రీషియన్ల సమ్మెతో రికార్డింగ్ ఆగిపోయింది. అది అక్కడితో పోయిందనే అనుకున్నారట. కొన్ని నెలల తర్వాత మళ్ళీ అందర్నీ పోగేసి మొదలెట్టారు.

"కాబట్టి ఎదురుచూడ్డం మాకు మొదట్నుంచీ అలవాటే" అన్నారు పెద్దాయన.

పదేళ్ళ గ్యాప్

గ్రాంట్, నేలర్ ఇద్దరూ ఎంత కలిసిపోయి రాసేవాళ్ళంటే, నవలల మీద రచయిత పేరు "గ్రాంట్ నేలర్" అని ఒకే మనిషిలా వేసుకున్నారు. ఆరు సీజన్లు అలా నడిచింది. 1994లో ఒక ఎపిసోడ్‌కి ఇంటర్నేషనల్ ఎమ్మీ కూడా వచ్చింది. తర్వాత ఇద్దరూ విడిపోయారు. గ్రాంట్ వెళ్ళిపోతే నేలర్ నడిపించారు. 1999లో ఎనిమిదో సీజన్ ముగిసేసరికి మొత్తం 52 ఎపిసోడ్లు.

ఆ ముగింపు ఎలా ఉంటుందో తెలుసా? రిమ్మర్ ఒక్కడే కరిగిపోతున్న ఓడలో మిగిలిపోతాడు. యముడు వస్తాడు. రిమ్మర్ ఆయన్ని మోకాలితో ఒక్కటి పొడిచి పరిగెడతాడు. కట్! ఇక అక్కడి నుంచి పదేళ్ళు ఏమీ లేదు. సినిమా తీస్తామని నేలర్ ఏళ్ళ తరబడి తిరిగారు. డబ్బులు దొరకలేదు.

2009 ఈస్టర్‌కి, డేవ్ అనే చిన్న డిజిటల్ ఛానెల్లో, మూడు భాగాలుగా మళ్ళీ వచ్చింది. పేరు "బ్యాక్ టు ఎర్త్". అందులో వీళ్ళు నిజంగానే మన భూమ్మీదకొచ్చి, తాము ఒక టీవీ సీరియల్లో పాత్రలమని తెలుసుకుంటారు. ఇక తమ కథ అయిపోబోతోందని తెలిసి, రాసినాయన్ని వెతుక్కుంటూ వెళ్ళి, ఇంకొంచెం ఆయుష్షు ఇమ్మని బతిమాలతారు. ఆ ఛానెల్ అప్పటిదాకా చూడనంత మంది చూశారు. దాంతో 2012లో ఒక సీజన్, 2016లో, 2017లో ఇంకో రెండు, 2020 ఏప్రిల్‌లో ఒక పెద్ద స్పెషల్ వచ్చాయి.

నేను పార్క్ బెంచీ మీద నీళ్ళు తుడుస్తూ, "మీకు నచ్చాయా కొత్తవి?" అని అడిగాను.

"కొన్ని నచ్చాయి. కొన్ని బాలేదు. వాళ్ళు ముసలాళ్ళయిపోయారు. నేనూ అయ్యాను" అన్నారు. కాసేపాగి, "అసలు సంగతి అది కాదు" అంటూ చెప్పడం మొదలెట్టారు.

వాళ్ళమ్మ పోయాక ఇంటి విషయంలో అన్నదమ్ములిద్దరికీ గొడవైంది. మాటల్లేవు. తమ్ముడు బ్రిస్టల్‌లో ఉంటాడు. నాలుగేళ్ళు ఒకరి గొంతు ఒకరు వినలేదు. 2009 ఈస్టర్ రోజుల్లో, బ్యాక్ టు ఎర్త్ మొదటి భాగం అయిపోయిన రెండు నిమిషాలకి ఈయన ఫోన్ మోగింది. అటునుంచి ఒకటే మాట: "చూశావా?"

అప్పట్నుంచి అదే వరస. పండక్కి ఫోన్ ఉండదు, పుట్టినరోజుకి ఉండదు. కొత్త రెడ్ డ్వార్ఫ్ వస్తే మాత్రం తమ్ముడు చేస్తాడు. 2012లో ఆరు వారాలు, వారానికోసారి. 2016లో, 2017లో కూడా అంతే. 2020లో ఒక్కసారి. ఆ తర్వాత లేదు.

ఇప్పుడర్థమైంది నాకు, ఈయన ఎందుకంత ఆత్రంగా వార్తలు వెతుకుతారో! 2023లో గ్రాంట్, నేలర్ తమ మధ్య హక్కుల గొడవ తీరిపోయిందని ప్రకటించిన రోజు ఆఫీసులో అందరికీ డోనట్లు తెచ్చారు. 2024లో కొత్త స్పెషల్ వస్తుందన్న కబురు తెలిసి క్యాలెండర్‌లో 2025 మీద ప్రశ్నార్థకం పెట్టుకున్నారు. నేను ఫ్యాన్ పిచ్చి అనుకున్నాను.

"క్రైటన్ మొదటిసారి ఎక్కడ కనిపిస్తాడో గుర్తుందా?" అన్నారు. గుర్తుంది. కూలిపోయిన ఓడలో ఉంటాడు. ఓడ సిబ్బంది ఎప్పుడో చనిపోయి అస్థిపంజరాలైపోతే, వాడికి ఆ సంగతి అర్థం కాక వాళ్ళకి రోజూ సేవ చేస్తుంటాడు.

"ఫ్యాన్లంతా క్రైటన్లే" అని నవ్వారు.

విందాలూ వీధి

ఆక్స్‌ఫర్డ్ రోడ్ మీద పసుపు రంగు బస్సెక్కి దక్షిణంగా వెళ్తే ముందు యూనివర్సిటీ వస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇక్కడ ఒకసారి దండం పెట్టుకోవచ్చు. మెమరీలో దాచుకున్న ప్రోగ్రామ్‌ని నడిపిన మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్, బేబీ, 1948 జూన్ 21న పనిచేసింది ఈ యూనివర్సిటీలోనే. అది దాటాక రోడ్డు పేరు విల్మ్‌స్లో రోడ్ అవుతుంది. అక్కడే రషోమ్, దాన్నే కర్రీ మైల్ అంటారు. వరసగా కబాబులు, స్వీట్లు, షీషా, బిర్యానీ, నగల షాపులు. వాన పడుతుంటే ఆ నియాన్ లైట్లన్నీ రోడ్డు మీద కూడా వెలుగుతుంటాయి.

ఇక్కడికెందుకంటే, లిస్టర్‌కి ప్రాణం విందాలూ. కడుపులో విందాలూ, షర్టు మీద విందాలూ. ఒక ఎపిసోడ్‌లో మటన్ విందాలూయే ప్రాణం పోసుకుని రాక్షసుడై వీళ్ళ మీద పడుతుంది. చివరికి బీరుతో చస్తుంది. విందాలూ అనేది పోర్చుగీసు వాళ్ళు వెనిగర్‌లో, వెల్లుల్లిలో మాంసం నానబెట్టే పద్ధతి. గోవాకొచ్చి మిరపకాయలు కలుపుకుని, బ్రిటన్‌కొచ్చి మగతనానికి పరీక్ష అయిపోయింది. నేను కాకినాడలో ఉండగా ఒక్కసారి కూడా తినలేదు. పెద్దాయన మాత్రం నేను అది తినే పుట్టానన్న నమ్మకంతో నాకూ ఒకటి చెప్పేశారు. ఆయనకి చెమటలు పట్టాయి. నేను పక్కన పచ్చిమిరపకాయ అడిగాను.

తింటూ తింటూ నేనూ ఒక కథ చెప్పాను. మా ఇంట్లోనూ ఒక రెడ్ డ్వార్ఫ్ ఉందని. అదే అమృతం. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చేది. నాన్న ఆర్టీసీ కండక్టర్. ఆదివారం డ్యూటీ పడితే ఎపిసోడ్ మిస్సయ్యేవారు. అప్పుడు నా డ్యూటీ, రాత్రి ఆయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని కథంతా చెప్పడం. అమృతరావు ఏమన్నాడు, ఆంజనేయులు ఏం చేశాడు, అప్పాజీ ఎలా తిట్టాడు, అన్నీ యాక్ట్ చేసి మరీ చెప్పేవాణ్ణి. నాన్న కంచం ముందు చెయ్యి ఎండిపోయేదాకా నవ్వేవారు. నిజం చెప్పాలంటే, చూసిన ఎపిసోడ్ల కంటే నేను చెప్పిన ఎపిసోడ్లే ఆయనకి ఎక్కువ గుర్తు.

"అందులో స్పేస్ లేదుగా?" అన్నారు పెద్దాయన.

"ఎందుకు లేదు? 2014లో సినిమా తీశారు, చందమామలో అమృతం. ఏకంగా చందమామ మీదే హోటల్ పెట్టేస్తారు."

ఆయన ఫోర్క్ కింద పెట్టేశారు. ఐదు నిమిషాలు నవ్వారు.

2020లో అమృతం కూడా తిరిగొచ్చింది. అమృతం ద్వితీయం, జీ5లో, ఆ ఏడాది ఉగాదికి. రెడ్ డ్వార్ఫ్ స్పెషల్ కంటే సరిగ్గా పదిహేను రోజుల ముందు. లాక్‌డౌన్ మొదలైంది, నేను ఇంట్లోనే ఉన్నాను. ఫోన్‌ని టీవీకి కనెక్ట్ చేసి నాన్నని పిలిచాను. పాత అంజి గుండు హనుమంతరావుగారు 2018లోనే పోయారు. ఆ పాత్రలో ఎల్.బి. శ్రీరామ్‌గారు వేశారు. బాగానే చేశారు. కానీ నాన్న కాసేపు చూసి, "అంజి ఏడిరా?" అన్నారు. చెప్పాను. ఏమీ మాట్లాడకుండా లేచి మొక్కలకి నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయారు.

మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బ్యాకప్ నుంచి రిస్టోర్ చేయడం రోజూ పనే. రిస్టోర్ అయ్యాక డేటా అంతా ఉంటుంది. కానీ అది వాడిన మనుషులు ఆ టేబుల్ దగ్గర ఉండరు. హాలీ కూడా రిమ్మర్‌ని తేగలిగింది, ఆ ఓడలో ఉన్న రోజుల్ని తేలేదు.

"మరి ఇంటికెళ్ళాడా?"

అప్పుడే ఫోన్ మోగింది. నాన్న. మనకి రాత్రి ఏడున్నర.

"ఏరా, తిన్నావా?"

"తింటున్నా నాన్నా. విందాలూ అని, ఏదో మటన్."

వీడియో తిప్పి పెద్దాయన్ని చూపించాను. నాన్న కండువా సర్దుకుని "నమస్కారమండీ" అన్నారు. పెద్దాయన కూడా చేతులు జోడించి నమస్తే అన్నారు. ఏం చూడ్డానికెళ్ళారు అంటే చెప్పక తప్పలేదు. అలా ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ నాన్నకి నేను ఎపిసోడ్ చెప్తున్నాను. గనుల ఓడ, పిల్లి, ముప్పై లక్షల ఏళ్ళు. పెద్దాయనకి తెలుగు రాకపోయినా, ఎక్కడున్నానో నా చేతులు చూసి పట్టేసి ముందే నవ్వుతున్నారు.

"పాపం, ఒక్కడే మిగిలాడా? మరి వాళ్ళ నాన్నో?" అన్నారు నాన్న.

"అది ఇంకో కథ. టైమ్‌లో వెనక్కెళ్తాడు. చివరికి వాడికి వాడే నాన్న అని తేలుతుంది."

అటువైపు నిశ్శబ్దం. తర్వాత, "అయితే మరీ మంచిది. ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు" అన్నారు. మళ్ళీ ఆయనే, "ఇంతకీ ఇంటికెళ్ళాడా?" అన్నారు.

"ఇంకా లేదు నాన్నా. 36 ఏళ్ళుగా దారిలోనే ఉన్నాడు."

"నువ్వు?"

నేను రెండేళ్ళుగా ఇంటికెళ్ళలేదు. ప్రతిసారీ ఒకటే జవాబు, ఈ రిలీజ్ అయ్యాక వస్తా అని. ఆ వారమే ఎక్స్‌టెన్షన్ కాగితం వచ్చింది, ఇంకో ఏడాదికి. అది నాన్నకి ఇంకా చెప్పలేదు. పెద్దాయన ముందు కూర్చుని, నాలుగేళ్ళుగా ఒక సీరియల్ వస్తే తప్ప మోగని ఫోన్ కథ విన్నాక, ఆ పాత జవాబు నోటికి రాలేదు.

"ఉగాదికి వస్తున్నా" అన్నాను.

కొసరు

2025 మొదట్లో, ఆ స్పెషల్ ఇక రావడం లేదన్న వార్త బయటికొచ్చింది. ఆ రోజు ఆఫీసుకి నేను కొంచెం భయంగానే వెళ్ళాను. పెద్దాయన టీ కలుపుకుంటున్నారు. ఏమనాలో తెలీక పక్కన నిలబడ్డాను.

"నిన్న రాత్రి నేనే చేశాను" అన్నారు.

"ఎవరికి?"

"మా తమ్ముడికి. క్యాన్సిలయిందట, చూశావా అన్నాను. ఇద్దరం కలిసి ఆ ఛానెల్ని నలభై నిమిషాలు తిట్టాం."

క్యాలెండర్‌లో ఆ ప్రశ్నార్థకం మాత్రం ఆయన చెరపలేదు. ఒకసారి సమ్మెతో ఆగింది, ఒకసారి పదేళ్ళు ఆగింది, ఇప్పుడు ఆగితే ఏమైందట అంటారు. ఆయన లెక్క ఆయనది.

ఇది నేను కాకినాడలో, మా ఇంటి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఈ ఏడు ఉగాది ఆదివారం పడింది. పొద్దున్న పచ్చడి, మధ్యాహ్నం పులిహోర, రాత్రికి నాన్న తనంతట తనే యూట్యూబ్‌లో పాత అమృతం పెట్టారు. ఆయనకి డ్యూటీ పడి మిస్సయిన ఎపిసోడ్ అట. సగం చూశాక ఆపేసి నా వైపు తిరిగి, "నువ్వు చెప్పింది ఇలా లేదురా. నువ్వు చెప్పిందే బావుంది" అన్నారు.